మంచు నా డ్యూటీ

రెండు నెలలు పాత పరీక్ష పేపర్లు కత్తిరించాం.
టెర్వోనెన్ మేడమ్ చెప్పేది కెమిస్ట్రీ, నాటకాలు వేయించేదీ ఆవిడే,
ఏదీ పారెయ్యదు.
పదేళ్ళ తప్పు జవాబులు అట్టపెట్టెల్లోంచి తీసి
"గోరంత ముక్కలు చెయ్యండి, మంచులా పడాలి" అంది.
బయట సుపీరియర్ సరస్సు మీంచి వచ్చిన అసలు మంచు
కిటికీల సగందాకా ఉంది.
ఎవరూ నవ్వలేదు. అప్పటికి ఫిబ్రవరి.

కథ ఇదీ:
అనగనగా ఒక రాజు. చలంటే గిట్టక
శీతాకాలాన్ని పట్టుకుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు.
ఇక ఎలుగుబంట్లకి నిద్ర రాదు.
ఎర్రబడ్డ కళ్ళతో కోట చుట్టూ తిరుగుతూ
మూడు గొంతులతో జోలపాట అడుక్కుంటాయి.
గంటలు కొట్టేవాడి కూతురు
తాళంచెవి వెతకడానికి బయల్దేరుతుంది.
ఏడు పాటలు, ఒక ఇంటర్వెల్.

రాజు డారిల్. హాకీలో గోలీ.
ఇంకా రెండ్రోజులుందనగా పక్ తగిలి
ఒక కన్ను వంకాయరంగు తిరిగింది.
మేడమ్ కాసేపు చూసి
రెండో కంటికీ అదే రంగు పూసింది.
కూతురు ఐలీ పెల్కోలా. గొంతు బావుంటుందని
ఊళ్ళో అందరికీ తెలుసు, తనకి తప్ప.
ఎలుగుబంట్లు ముగ్గురూ తొమ్మిదో తరగతి.
వాళ్ళ బొచ్చు, చర్చి బేస్‌మెంట్ సేల్‌లో
మూడేసి డాలర్లకి దొరికిన ఆడవాళ్ళ కోట్లు.
ఒకదాని జేబులో ఎప్పటిదో దగ్గుబిళ్ళ.

నేను స్టేజి మీద కనపడను.
ఇనప నిచ్చెనెక్కి, లైట్ల పక్కన, ఆ వేడిలో
బోర్లా పడుకుని తాడు పట్టుకుంటాను.
చిల్లుల దుప్పటి. అందులో మంచు.
తాడు ఊపితే కురుస్తుంది.
లాగితే దుప్పటే ఊడిపోతుంది.
"ఊపు, లాగకు" అని
మోచేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

మొదటి రాత్రి ఊరు ఊరంతా బూట్లతో వచ్చింది.
బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు,
ప్రతి కుర్చీ కింద ఒక చిన్న మడుగు.
రాజు సింహాసనమెక్కి
"నేటి నుంచి నా రాజ్యంలో మంచు పడదు" అన్నాడో లేదో
జనం లేచి నిలబడి చప్పట్లు.
ఈలలు. వెనక నుంచి ఎవరో, "నా ఓటు నీకే!"
దుర్మార్గుడు కావలసిన డారిల్
తర్వాతి మాట మర్చిపోయి
వంకాయ కళ్ళతో సిగ్గుపడ్డాడు.
తెర పక్కన మేడమ్ తల పట్టుకుంది.

ఆ తర్వాత ఐలీ పాడింది,
పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని
నిద్రలేని ఆ మూడు కోట్ల కోసం.
రిహార్సల్లో ఎప్పుడూ పగిలే పైస్వరం వస్తోందని
నేను కళ్ళు మూసుకున్నాను.
పగల్లేదు.
తెరిచేసరికి తాళం ఊడింది, మూత లేచింది,
కింద అందరూ తలలెత్తి పైకి చూస్తున్నారు.
నా కోసం.
మోచెయ్యి చూసుకునే టైమ్ లేదు.
లాగాను.

పదేళ్ళ కెమిస్ట్రీ ముద్దగా
రాజు నెత్తిన పడింది.
కిరీటం ముక్కు మీదికి జారింది.
అప్పుడే గోడమీది హీటర్ గుర్రుమని లేచి
చెదిరిన ముక్కల్ని జనం మీదికి ఊదింది.

ముందు వరసలో ఎయినో మకీ,
తెల్లారుజామున మూడింటి నుంచి
ఊరి రోడ్లన్నీ ప్లౌ తోలి వచ్చినవాడు,
నవంబర్ నుంచీ ఈ తెల్లటి దాన్ని తిట్టని రోజు లేనివాడు,
చెయ్యి చాచాడు.
అరచేతిలో వాలిన ముక్క
కరిగిపోతుందేమో అన్నట్టు మెల్లగా వేళ్ళు మూశాడు.
స్టేజి మీద ఎలుగుబంట్లు నిద్రపోయాయి.
ఒకటి నిజంగానే.

అందరూ వెళ్ళాక చీపురూ నాదే.
రేపూ ఎల్లుండీ ఇదే మంచు పడాలి, ఇంకో పెట్టె లేదు.
హెయిర్‌పిన్నులు, చమ్కీలు, ఒక బ్యాండ్‌ఎయిడ్ ఏరేసి
మిగిలింది దుప్పట్లోకి ఎత్తాను.
ఒక ముక్క మీద సగం పేరు, పక్కన ఎర్ర సున్నా.
ఎవరిదో.

శనివారానికి బూట్ల మురికంతా అంటుకుని
అది బూడిదరంగు తిరిగింది.
అచ్చం మా రోడ్డుపక్క మంచులాగే ఉందని
మేడమ్ ఎంత సంతోషపడిందో.