మునిగి చచ్చిన చేప

తూకం: నాలుగు కిలోల రెండొందలు.
పొడవు: తొంభై ఒకటి. తోక కొస చితికింది కాబట్టి
తొంభై రెండనుకోవచ్చు.
ఇంతవరకూ చెయ్యి వణకలేదు.

తెల్లారకముందే తెచ్చి పడేశాడు ములిండ్వా,
పాపిరస్ తుంగలో వలకి చిక్కి
రాత్రంతా పైకి రాలేక
నీళ్లలోనే ఊపిరాడక పోయిందిట.
చేప మునిగి చావడమేంటని
పడవలో కుర్రాడు పడీపడీ నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
ఎమ్మాంబకి మొప్పలు పేరుకే.
నీటి కప్పు తోసుకుని
గాలి మింగి పోవాలి మాటిమాటికీ.

మాది మాంబ వంశం.
పక్కింటి కుండలో ఇది ఉడికే వాసనొస్తే
జజ్జా మా తలుపు చేరగిలవేసేది,
కోపంతో కాదు,
చావింటి ముందు మాట ఆపినట్టు.
"తోబుట్టువుని తింటామా?"
నేను చాటుగా నా వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని.
దానికి వేళ్లేవీ?
దారాల్లాంటి నాలుగు రెక్కలు, అంతే.

కంపాలాలో, మొదటి ఏడాది,
బోర్డు మీద వెన్నెముకల చెట్టు గీశారు మాస్టారు.
సొరచేప ఎక్కడో మొదట్లోనే చీలిపోయింది.
తిలాపియా ఇంకో కొమ్మ.
కప్పా, తొండా, కొంగా, మేకా, నేనూ
ఒకే కొమ్మకి వేలాడుతున్నాం.
మా కొమ్మని ఆనుకునే, ఇది.
అదే వలలో పడ్డ తిలాపియా కన్నా
దీనికి నేనే దగ్గర చుట్టాన్ని.
బడి మొహం చూడని జజ్జాకి
ఈ మాట చేరేద్దామంటే
అప్పటికే రెండు వానాకాలాలు దాటాయి ఆమె పోయి.

ముగేర్వా చెయ్యి చాచాడు కత్తి కోసం.
మిడత వంశం వాడు, అతనికే అడ్డూ లేదు.
ఇవ్వలేదు.
ఇంటి శవానికి ఇంటివాళ్లే నీళ్లు పోయాలి.

కోశాను.
వెన్ను కింద రెండు పొడుగు సంచులు,
తేనెపట్టు లోపలిలా గదులు గదులు.
ఎడమది నొక్కితే
చిన్న బుడగ ఒకటి పైకొచ్చి పగిలింది.
ఎప్పటి గాలో.

కడుపు నిండా నత్తలు. నలభై మూడు.
చూర్ణమైనవి లెక్కకి రాలేదు.
బల్లపరుపుగా చుట్టుకున్న ఆ రకంలోనే పెరిగేది
రేవులో ఈదే పిల్లల పొట్టలు ఉబ్బించే పురుగు.
ఎగువన చిత్తడి ఎండగట్టి వరి వేశారు,
ఎమ్మాంబలు పోయాయి, నత్తలు పోలేదు.
అక్కడి దవాఖానా వరండాలో
పోయినేడు చాపలు సరిపోలేదు.

ఆహారం: నత్తలు, అని రాశాను.
పక్క గడిలో ఉపయోగం: కూరకి, అని
ముందే అచ్చేసి ఉంది.
కొట్టేద్దామని కలం పెట్టి, తీసేశాను.

మాంసం పారేస్తారా అనడిగాడు ములిండ్వా.
ఇంట్లో ఆరుగురు.
తీసుకెళ్లమన్నాను.
గాలి సరస్సు వైపు తిరిగాక
వండమన్నాను.