ఖాళీ బండి తూకం

ముప్పై ఒక్క ఏళ్ళు
పేపరుమిల్లు గేటు పక్క కాటా గదిలో
నేను చేసింది ఒక్కటే పని.
వెదురు లారీ లోపలికెళ్ళేటప్పుడొక అంకె,
ఖాళీ అయి తిరిగొచ్చేటప్పుడొక అంకె.
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే
మిగిలినదానికే డబ్బులు.
ఖాళీ బండి బరువుతో ఎవరికీ పని లేదు,
రాసి, కిందో గీత గీసి, మర్చిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఆ చిన్న అంకెలోనే
కాపురం ఉంటున్నాం, నేనూ దాలమ్మా.

రాయగడలో రైలుగేటు అవతల
రెండు గదులు, రేకుల వసారా.
పింఛను రెండువేల ఎనిమిదొందల చిల్లర.
ఆ చిల్లరెంతో దాలమ్మకి తెలుసు, నాకు చెప్పదు.
బ్యాంకు వడ్డీ మూణ్ణెల్లకోసారి
ముస్తాబై వచ్చిన చుట్టంలా
కాళ్ళు కడుక్కునేలోపే లేచి వెళ్ళిపోతుంది.
పొద్దున్న సోడంబలి, ఉల్లిపాయ, ఎండుమిరపకాయ.
దీపాలవేళకి వసారాలో బల్బు ఒక్కటే.
లోపల గదిలో చీకటిని
మేం పనిలో పెట్టుకోలేదు, దానికి జీతం లేదు.

సంతకి మూడు దాటాకే వెళ్తాం.
డంగరం మీంచి దిగిన సింగారి కద్రక
మిగిలిన అనాసపళ్ళు మళ్ళీ మోసుకెళ్ళలేక
ఒడియాలో ఒక ధర చెబుతుంది.
దాలమ్మ తెలుగులో సగం చేస్తుంది.
ఆవిడ నవ్వుతూ కువిలో ఏదో అంటుంది,
తిట్టే అయ్యుంటుంది.
పండు సంచీలో పడ్డాక
దాలమ్మ చూడకుండా ఇంకో ఐదు రూపాయలు పెడతాను.
దాలమ్మ చూస్తుంది.

మొన్న గదాధర్ పాణిగ్రాహి వచ్చాడు,
కాంట్రాక్టరు తరఫున.
రాత్రి డ్యూటీ, కుర్చీలో కూర్చోడమే,
తూచడం అంతా కంప్యూటరే,
నెలకి తొమ్మిదివేలు.
దాలమ్మ టీ ఇచ్చి
బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చుంది.
నాకు లెక్కలేసే జబ్బు పోలేదు.
ఫ్రిజ్జు కొంటే, అందులో పెట్టడానికి
ఏ పూట కూర మిగులుతోంది గనక?
కొత్త మంచం కొంటే పాతది ఎక్కడ పడుకుంటుంది?
తొమ్మిదివేలనీ గదంతా తిప్పి చూశాను,
కూర్చోబెట్టడానికి చోటు దొరకలేదు.

ఇంకో సంగతి ఉంది. అతనికి చెప్పలేదు.
దాలమ్మ కడుపు ఆపరేషను జరిగిన ఏడు
ఒక డ్రైవరు పొడుగ్గా మడిచిన నోట్లు
రిజిస్టరు కింద దోపితే
వెదురు ఎంత తడిసుందో
చూడనట్టు నటించాను.
రెండుసార్లు.
ఆ రెండు చీటీల నెంబర్లూ ఇప్పటికీ నోటికొచ్చు.
మళ్ళీ ఆ గదిలోకి వెళ్తే
తెల్లార్లూ నాకు తోడు అవే.

వద్దులే బాబూ అన్నాను.
"మీకు సరిపోతోందా మరి?" అన్నాడు,
నిజంగానే, వెటకారం లేకుండా.
దాలమ్మ చేటలోంచి తలెత్తలేదు.
"సరిపోదు బాబూ. సరిపెడతాం."

కార్తీకం వెళ్ళేలోగా
బతికే ఉన్నానని వేలిముద్ర వెయ్యాలి.
కేంద్రంలో కుర్రాడు
నా బొటనవేలిని మిషను మీద నొక్కాడు, తుడిచాడు, నొక్కాడు.
లేననే అంది మిషను.
గీతలన్నీ కాయితాలకే ఇచ్చేశాను మరి.
"నిమ్మచెక్క రుద్దుకు రండి తాతా."
నిమ్మకాయ ఐదు రూపాయలు.
బతికుండడానికి ఈ ఏడు అయిన అదనపు ఖర్చు అది.
మిగిలిన చెక్క ఇంటికి తెచ్చి
దాలమ్మ ఆ రాత్రి పప్పులో పిండింది.

మర్నాడు రేషను బియ్యానికి వెళ్ళాం.
మావంతు రాలేదు, కాటా ఖాళీగా ఉంది.
అంతమంది బండ్లని తూచినవాణ్ణి,
నన్నెప్పుడూ తూచుకోలేదని గుర్తొచ్చి
ఒక కాలు పైకి పెట్టాను.
డీలరు నవ్వాడు.
దాలమ్మ నా భుజం పట్టి ఆపింది.
"చెప్పులిప్పి ఎక్కు.
వాటి బరువు నీకెందుకూ?"