యాడికి?

పదకొండేండ్లుగా నేనడిగే మాట అది.
జమ్మలమడుగు బస్టాండులో, ముద్దనూరు గేటు కాడ,
నిలబడ్డోళ్ళ చెమటలోంచి చెయ్యి చాపి
యాడికి? యాడికి? అని
వాళ్ళ ఊర్ల పేర్లు చించి వాళ్ళ చేతికే ఇచ్చేదాన్ని.

ఈ పొద్దు మస్తానప్ప నన్నడిగినాడు.
మైలవరం డ్యాం వెనక, నీళ్ళ ఒడ్డున,
ఒక కాలు పడవలో, ఒక కాలు బురదలో పెట్టుకొని:
"యాడికమ్మా?"

రెండు దినాలు సెలవు.
ఒక దినం గండికోటకు రాసేసినాము.
లోయ చూసినాము, ఫోటోలు దిగినాము,
హుసేనమ్మ చెప్పు తెగింది,
కోతి మా బొరుగుల పొట్లం ఎత్తుకపోయింది.
రెండో దినంలో మాకు మిగిలింది సగమే.
మూడింటికి బండెక్కకుంటే
రేపు తెల్లారి ఫస్టు సర్వీసు నాది తప్పిపోతాది.
ఆ సగంలో ఒక దీవి పట్టాల.

దీవి అనేది నా మాట. మస్తానప్పకు అది దిబ్బ.
కడప జిల్లాలో సముద్రం యాడిది?
నీళ్ళు నిలిపినప్పుడు మునగకుండా మిగిలిన మిట్టలే
మాకు దీవులు.
ఎదురుగా మూడుండాయి.

మొదటిది దగ్గర, నూరు రూపాయలు.
తుమ్మచెట్లు, పగిలిన సీసాలు,
ఆదివారమైతే పిల్లోళ్ళు తాగి పాటలు పెడతారంట.
రెండోది దూరం, మూడు నూర్లు.
కొంగలు గుడ్లు పెట్టినాయి, దిగేదానికి లేదు,
చుట్టూ ఒకసారి తిప్పుకొస్తాడంట.
"తిరిగేదానికి నాకే జీతమిస్తారు, నేనెందుకియ్యాల?"
అనింది హుసేనమ్మ.
పొద్దుటూరు టౌను బస్సులో ఆమెకు దినానికి పద్నాలుగు చుట్లు.

మూడోదానికి పేరు లేదు, రేటు లేదు.
చీనీకాయ తొన మాదిరి నీళ్ళలో వంగి ఉండాది,
నల్లటి రాయి, ఒకటే చెట్టు.
"ఏముందాడ?"
"ఏమీ లేదమ్మా. ఎవురూ పోరు."

హుసేనమ్మ నా మొగం చూసింది.
నిజం చెప్పాల్నంటే నాకు గొంతు పెగల్లేదు.
ఎంతమంది నా ముందర ఇట్లనే తడబడినారో!
"బిన్నా చెప్పు, వెనక జనముండారు" అని
కసురుకుంటి గదా అందరినీ.
ఒక ముసలాయన, ఎర్రగుంట్ల దాటినా చెప్పలా,
కిటికీలోంచి బయటికి చూస్తా
"ఆగు మ్మే, అనుకుంటాండా" అన్నాడు.
బస్సంతా నగింది. నేను ముందు నగినాను.

"మూడోదానికి" అన్నాను.
మస్తానప్ప గడ్డం గోక్కొని, రేటు కనిపెట్టి,
"నూటిరవై" అన్నాడు.
చిల్లర సరిగ్గా ఇచ్చినాను. అది నా పరువు.

ఇరవై నిమిషాలు నీళ్ళు.
నడాన పడవ అడుగున ఏదో గీసుకొనింది.
"గెనెం రాయి" అన్నాడు, "ఎవురిదో చేను."
అంతకంటే ఆయన చెప్పలా, మేమడగలా.

దిగినాము. నిజంగానే ఏమీ లేదు.
ఎండ. రాయి. రేగుచెట్టు.
చెట్టు కింద మేకపెంటికలు,
నిన్నటివే, ఇంకా మెత్తగా.
"ఎవురూ పోరంటివే?"

దిబ్బెక్కి అవతలికి చూస్తే
ఆ పక్క ఒడ్డునించి ఇక్కడిదాంకా
చీలమండ లోతు నీళ్ళు,
ఆ నీళ్ళలో ఒకాయన పంచె ఎగ్గట్టి, బీడీ తాగతా,
నలభై మేకలతో నడిచొస్తాండాడు.

మస్తానప్ప ఆకాశం పక్క చూసినాడు.
"ఈ వారం నీళ్ళు దిగినాయమ్మా.
మొన్నటిదాంకా దిబ్బే."
హుసేనమ్మ నగింది, నగింది,
తెగిన చెప్పు చేత్తో పట్టుకొనే కూలబడి నగింది.

మైలవరంలో కట్టించుకొచ్చిన సంగటి విప్పినాము,
చెనిక్కాయల ఊరిమిండి.
మేకలాయనకూ ఒక ముద్ద పెట్టినాము. పేరు కదిరప్ప.
"దీవా?" అన్నాడు నములుతా.
"మాకిది పైచేను."

గంటన్నర కూర్చున్నాము.
ఎవురూ ఎక్కలా, ఎవురూ దిగలా.
నా కుడిచెయ్యి రెండుసార్లు లేని బ్యాగును తడుముకొనింది.

మల్లా పడవ కాడికొస్తే,
పోయేది ఒకే ఒడ్డుకని తెలిసీ,
తెడ్డు పట్టుకొని నవ్వుతా అడిగినాడు మస్తానప్ప:
"యాడికమ్మా?"

"ఆగప్పా" అన్నాను,
"అనుకుంటాండా."