పుంజీ లెక్క

మహబూలాలో, ఆరో అంతస్తులో,
ఏసీ నీళ్ళు చుక్క చుక్కగా బకెట్లో పడుతుంటే
చాప మీద మూడు పుస్తకాలు పరిచాను.
మా హెప్సిబాకి తొమ్మిదేళ్ళు.
ఫీజు పెంచి, భిన్నాలు దీనికి ఎక్కవని రిపోర్టులో రాసి,
ట్యూషనూ మా దగ్గరే పెట్టించండన్నాక
బడి మాన్పించాం. నలభై ఒక్క రోజులు.
ఈ లెక్క మాత్రం నేను తప్పను.

మొదటిది మన బోర్డు పుస్తకం.
డబ్బంటే చుక్క తర్వాత రెండంకెలు, అంతే అంటుంది.
ఇక్కడ దినారు పక్కన మూడు.
ఖుబ్జు పొట్లం మీద సున్నా, చుక్క, సున్నా, ఐదు, సున్నా.
"ముందు కూచున్న సున్నా డబ్బు తగ్గిస్తుంది,
చివర కూచున్నది ఏమీ చెయ్యదు, ఊరికే కూచుంటుంది"
అంది పిల్ల, రొట్టె తుంచుకుంటూ.

రెండోది ఇంగ్లీషు వాళ్ళది. నున్నటి కాగితం,
వాసన కూడా ఖరీదే.
అందులో ఒక పిల్లాడు మంచులో నిలబడి
ఉన్ని చేతితొడుగుల జతలు లెక్కపెడుతున్నాడు.
బయట నలభై ఎనిమిది డిగ్రీలు.
"మైనస్ మూడంటే ఎంత చలమ్మా?"
ఫ్రిజ్ పై తలుపు తీసి చెయ్యి పెట్టమన్నాను.
ఆ పూటకి అదే పాఠం.

మూడోదాన్నిండా కడ్డీలు.
పొడుగు కడ్డీ, పొట్టి కడ్డీ,
తెలియనిదానికి ఖాళీ కడ్డీ.
నాకు నచ్చింది. నచ్చిందని చెప్పడానికి భయమేసింది.
పదిలో లెక్కలు తప్పి,
సప్లిమెంటరీలో అత్తెసరుతో గట్టెక్కినదాన్ని.
లెక్కల మాస్టారు నన్నెప్పుడూ లెక్కచెయ్యలేదు,
నేనూ ఆయన్ని లెక్కచెయ్యలేదు, చెల్లుకు చెల్లు.

దేవదానం నైట్ డ్యూటీ నుంచి వచ్చి
బూట్లు విప్పకుండానే అన్నాడు,
"ఏదో ఒకటి కొనవే. రేటు కోసం ఆగడానికి
ఇదేమన్నా ఇంటికి పంపే డబ్బా?"

శుక్రవారం. ఫహాహీల్ చేపల మార్కెట్టు.
అరబ్బీలో ధర రాసిన అట్టముక్క చూసి
"ఆ సున్నా ఐదమ్మా, ఆ చుక్క సున్నా" అని చదివిపెట్టింది.
నేను రొయ్యలు ఏరుతున్నాను, నాలుగేసి, నాలుగేసి.
పెదాలు కదులుతున్నట్టు నాకే తెలీదు.
"ఏం లెక్కపెడుతున్నావ్?"
పుంజీలు.
పుంజీ అంటే నాలుగు. అంతర్వేది రేవులో మా అమ్మ
చేపైనా కొబ్బరికాయైనా అలాగే ఎంచేది.
"ఏడు పుంజీలు?"
ఇరవై ఎనిమిది.
"పదమూడు?"
యాభై రెండు.
"పంతొమ్మిది?"
డెబ్భై ఆరు, అన్నాను, ఇంకో రొయ్య తోక పట్టుకునే.
నాలుగో ఎక్కం అప్పజెప్పమని బెంచీ ఎక్కిస్తే
పన్నెండు దగ్గరే నోరు పడిపోయేది నాకు.
తూకం వేసే బంగ్లాదేశీ కుర్రాడు కాటా ఆపి చూశాడు.
పిల్ల నన్ను చూసిన చూపు మాత్రం
చెప్పను, దాచుకుంటాను.

సంచీ కట్టేటప్పుడు ఒక రొయ్య విడిగా మిగిలింది.
దీన్నేమనాలి, అన్నాను.
"పావు పుంజీ" అంది. కాసేపాగి,
"ఇంకోటి వేస్తే అర. ఇంకోటి వేస్తే ముప్పావు."
రిపోర్టులో ఎక్కవన్నవి
చేపల వాసనలో ఎక్కాయి.

కడ్డీల పుస్తకమే కొన్నాను. కొత్తది కాదు.
రెండో అంతస్తు మలయాళీ నర్సు కొడుకు వాడేసింది,
మూడు దినార్ల రెండొందల యాభై ఫిల్సు.
నిండా వాడి పెన్సిలు జవాబులు.
రబ్బరు తెచ్చాను. చెరపొద్దంది.
నలభై రెండో పేజీలో వాడి తప్పు పక్కనే
తన జవాబు చిన్నగా రాసి,
ఖాళీ కడ్డీని నాలుగు గదులు చేసి
గదికో రొయ్యని గీసింది, మీసాలతో సహా.
ఆ మీసాలు గీత దాటి
కింది లెక్కలోకి వెళ్ళిపోయాయి.