ఒకటి నుంచి ఏడు దాకా

నర్సమ్మ ఇచ్చిన కాయితం మడత విప్పి
పంటు రేకు మీద పరుచుకున్నాను.
సఖినేటిపల్లి రేవు వెనక్కి జరుగుతోంది.
"గడిచిన వారం రోజుల్లో మీ జీవితం ఎలా ఉంది?
ఒకటి నుంచి ఏడు దాకా
ఒక అంకె చుట్టూ సున్నా చుట్టండి."

ఏడు దగ్గర ఆగిపోయే పాట
నా జన్మలో పాడలేదండి.
పల్లిపాలెం ఒడ్డున ముప్పయ్యేళ్లు
పండుగప్ప గంపని రెండువేల దగ్గర ఎత్తుకుని
ఐదువేల దాకా లాక్కెళ్లిన గొంతు.
"ఒకటోసారీ..." అంటే
అలల మోతలో కూడా భీమవరం షావుకారు చెవి నిక్కేది.
ఇప్పుడది ఏ సీసాలో ఉందో.

మెడ కింద రూపాయి బిళ్లంత కన్నం.
దానికో తెర.
నూకరత్నం తన పాత నేతచీర చింపి కుట్టింది,
అంచు కూడా కలిసొచ్చేలా.
"నలుగురిలోకి వెళ్లే మనిషివి కదా" అంది.

మాట్లాడ్డానికి ఇబ్బందా, అని అడిగారు.
మిషను ఉందండి. గడ్డం కింద నొక్కితే
మరబోటు ఇంజను తెలుగు మాట్లాడినట్టుంటుంది.
అన్నీ పలుకుతుంది గానీ
మా వైపు 'ఆయ్' ఉంది చూశారా,
అదొక్కటీ దానికి పట్టుబడలేదు.
మర్యాద రాలిపోయి వస్తుంది.
ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేస్తే
ఏదో కంపెనీ రికార్డనుకుని
గుమస్తా కట్ చేసేస్తాడు.

కోపం వస్తోందా?
వస్తోంది. మిషను ఎక్కడ పెట్టానో వెతికేలోపు
సగం పోతుంది.
మిగతా సగం బ్యాటరీ తినేస్తుంది.
ఇన్నేళ్లూ నా అరుపు కింద బతికిన మనిషి
ఇప్పుడు చేపలు తోముతూ కూనిరాగం తీస్తోంది.
ఆవిడకి అంత సన్నని గొంతుందని
నాకు తెలీదు.
దీనికెన్ని మార్కులో వెయ్యడానికి
కాయితంలో గడి లేదు.

స్నానం రొమ్ముల దాకానే.
వశిష్ఠలో మునగని రోజు లేనివాణ్ణి
ఒడ్డున చెంబుతో పోసుకుంటున్నాను.
ముక్కూ నోరూ నీళ్లపైనే ఉన్నా
మునిగిపోయే మనిషినిప్పుడు.

టీ ఊదుకోలేను. ఈల వెయ్యలేను.
మొన్న మేనల్లుడి పెళ్లిలో పడీపడీ నవ్వితే
తెర ఎగిరెగిరి పడింది, చప్పుడు లేదు.
పక్కవాడు ఏడుస్తున్నాననుకుని
భుజమ్మీద చెయ్యేశాడు. తియ్యమనలేదు.

వాసనలు తెలుస్తున్నాయా?
ఇక్కడ పెన్ను ఆగింది.
పులస మొప్ప ఎత్తి ఒక్కసారి పీలిస్తే
వల్లోంచి తీసి ఎన్ని గంటలైందో చెప్పేవాణ్ణి.
ఇప్పుడు గాలి మెడలోంచే వచ్చి మెడలోంచే పోతుంది,
ముక్కు గడప తొక్కదు.
మొప్ప రంగు చూస్తాను, వేలితో నొక్కుతాను,
చీకట్లో నోటు తడిమినట్టు.

ఆ నర్సమ్మే, పేరు సుభాషిణి, ఒక కిటుకు చెప్పింది:
పెదాలు మూసి లోలోపల ఆవలించాలట,
పెద్దల ముందు ఆవలింత దాచుకున్నట్టు.
దవడ దిగితే ముక్కు గుక్కెడు గాలి తాగుతుందట.
నెల్లాళ్లు చేశాను. ఏమీ రాలేదు.
"రాత్రుళ్లు నిద్రపోనివ్వట్లేదా మా అక్క?" అని
గంపల దగ్గర ఆడవాళ్లు నవ్వారు.

ఏటి మధ్యకొచ్చేసరికి నీళ్ల రంగు మారింది.
ఎర్రనీరు దిగింది. ఎక్కడో పైన వానలు.
మోటారు సైకిళ్ల సందులో, ఎవరిదో మేక పక్కన నిలబడి
పెదాలు బిగించి ఆవలించాను.
ఒకటోసారి. ఏమీ లేదు, డీజిలు కంపు కూడా.
రెండోసారి

బురద.
కొత్త బురద, నానిన ఆకు, నేనెప్పుడూ చూడని కొండల వాన.
చిటికెడంటే చిటికెడు.
వచ్చింది, పోయింది.

కళ్లు తెరిచేసరికి
మేక నా కాయితం నములుతోంది,
ఆరూ ఏడూ ఉన్న కొసన.
లాక్కున్నాను. ఐదు దాకా మిగిలింది.

నర్సాపురం రేవు తగులుతోంది.
ఐదు దగ్గరుందండి పాట.
ఇంకా కొట్టెయ్యలేదు.