పద్నాలుగో చావు

బెర్లిన్‌లో రైళ్ళు మానేసిన ఒక భూగర్భ స్టేషను.
ఫిబ్రవరి. రాత్రి షిఫ్టు.
మూడువందల మందికి ఒకే రంగు కోటు కుట్టాం.
తడి సిమెంటు రంగు.
జేబులు వద్దన్నాడు దర్శకుడు.
"ఈ నగరంలో ఎవరికీ దాచుకునేదేమీ ఉండదు."

కథ పెద్దదేం కాదు.
పొద్దున్నే నాలుక కింద ఒక బిళ్ళ,
ఇక రోజంతా దిగులుండదు, దుగ్ధ ఉండదు,
పసిపిల్ల పడిపోతే పరిగెత్తాలనిపించదు.
ఎక్కడైనా నవ్వు వినబడితే
వెతికి కాల్చడానికి నల్ల తొడుగుల దళం.
ఆ దళంలో ఒకడి బిళ్ళ ఒకనాడు జారి వాష్‌బేసిన్‌లో పడుతుంది.
ఆ తర్వాతంతా తుపాకులే.

ఎక్స్‌ట్రాలకి ఒకటే మాట: మొహంలో ఏమీ ఉండకూడదు.
అదేమంత సులువు కాదు.
కుర్రాళ్ళకి పెదవి చివర ఏదో వణుకుతుంది.
ఒకమ్మాయికి కనుబొమలు ఆగవు.
ఒకాయన మరీ బిగబట్టి
అజీర్తి చేసినవాడిలా నిలబడ్డాడు.

రోస్విటా వంతొచ్చింది. అరవైమూడేళ్ళు, లైప్‌జిగ్ మనిషి.
కెమెరా వైపు ఒకసారి చూసింది, అంతే,
దీపం ఆర్పేసిన గదైపోయింది మొహం.
సహాయ దర్శకుడు ఈల వేశాడు.
"ఎక్కడ నేర్చుకున్నారండీ?"
"మా వంటింట్లో."

మిగతాది కాలరు సరిచేస్తుంటే నాకు చెప్పింది,
నోట్లో గుండుసూదులున్న మనిషి
ఎదురు ప్రశ్న వెయ్యదనుకుందో ఏమో.
పై అంతస్తాయన పదకొండేళ్ళు రాశాడట వాళ్ళింటి గురించి.
గోడ కూలాక ఫైలు తెప్పించుకుని చదివింది.
ఎవరొచ్చారు, ఏ రేడియో పెట్టారు,
చెత్తబుట్టలో ఏముంది.
ఒక పేజీలో ఇలా ఉందట:
"రాత్రి తొమ్మిదీ ఇరవై. భర్త ఏదో అన్నాడు.
ఆమె నవ్వింది. కారణం తెలియలేదు."

నాకూ గుర్తు రావడం లేదమ్మా, అంది.
అడుగుదామంటే ఆయన లేడు.

"సైలెన్స్!"
హీరో మెట్ల మీంచి దూకాలి. పదకొండు మందిని కూల్చాలి.
పన్నెండోవాడు ఎక్రెమ్, స్టంటు మనిషి,
రోస్విటా కాళ్ళ దగ్గర పడి చావాలి.
ఆమె వాణ్ణి దాటుకుని పోవాలి,
దారిలో రాయిని దాటినట్టు.

మొదటి టేకులో పొగ ఎక్కువైంది.
నాలుగోదానికి తుపాకీ పేలక
హీరోగారు అలవాటుకొద్దీ నోటితో "ఢాం" అన్నాడు.
తొమ్మిదో పదో, నాకు లెక్క తప్పింది,
ఎవరిదో తుమ్ము.
చచ్చిన ప్రతిసారీ లేచి దుమ్ము దులుపుకుని
ఎక్రెమ్ మెల్లిగా అడిగేవాడు:
"మీ బూటు తొక్కలేదు కదా?"
ఆమె తల అడ్డంగా ఊపేది. మొహం మాత్రం కదిలేది కాదు.

పద్నాలుగోసారి పడ్డాడు.
వీపు మీద కోటు పర్రున చిరిగింది. నా కుట్టే.
లోపల ఆకుపచ్చ స్వెట్టరు,
దాని నిండా పసుపు బాతులు,
ఒకదానికి ముక్కు అల్లడం మరిచిపోయారు.
కళ్ళు మూసుకునే అన్నాడు శవం:
"మా అత్తగారు."

రోస్విటా నవ్వింది.
ఎక్కడో అడుగునుంచి, ఆపుకోలేక, మోకాళ్ళు పట్టుకుని.
ఆ నవ్వు పట్టాల చీకట్లోకి పోయి
సొరంగం చివర దేన్నో తగిలి వెనక్కొచ్చింది.
అప్పటిదాకా బిగబట్టిన జనం కదా, కట్ట తెగింది.
నల్ల తొడుగుల దళం నేల మీద కూలబడి
తుపాకులు ఒళ్ళో పెట్టుకుని నవ్వారు.
దర్శకుడు టోపీ విసిరికొట్టాడు.

సినిమాలో ఉన్నది పదిహేనో టేకు.
అందులో ఆమె రాయిని దాటినట్టే దాటింది.

నేనెందుకో గడియారం చూశాను.
కొలతల పుస్తకంలో, ఎవరివో భుజాల వెడల్పుల కింద, రాశాను:
"తెల్లవారుజాము మూడూ నలభై.
ఆమె నవ్వింది. కారణం: బాతులు."

పేజీ చింపి ఆమె కోటులో పెట్టబోతే జేబు లేదు.
చదువుకుంది. రెండుసార్లు.
నాలుగు మడతలు పెట్టి
వంగి, బూటులో దాచుకుంది,
అటూ ఇటూ చూసి.