నాలుగు సెకన్లు

గేటు దగ్గర నీళ్ల సీసా లాక్కున్నారు,
గొడుగు లాక్కున్నారు,
పర్సులో చిల్లర కూడా డబ్బాలో వేయించారు, విసురుతామని.
నలభై ఆరేళ్లదాన్ని,
నాంపల్లిలో దస్తావేజులు టైపు చేసుకునేదాన్ని,
ఎవరి మీదకు విసురుతాను?
మణికట్టుకు మాత్రం ఆకుపచ్చ కాగితం పట్టీ చుట్టారు,
పురిటి వార్డులో బిడ్డకు చుట్టినట్టు.

గచ్చిబౌలి స్టేడియం. పొద్దుటి వానకు
ప్లాస్టిక్ పలకల కింద బురద గుచ్చుగుచ్చుమంటోంది.
చుట్టూ ఇరవై ఏళ్ల పిల్లలు,
నల్ల బనియన్ల మీద 'టిన్ రూఫ్' బొమ్మ,
మడతలింకా పోలేదు.
"ఆంటీ, ఎవరితోని వచ్చిన్రు?"
"దస్తగిరితో" అన్నాను.
అర్థం కాక నవ్వి, చూయింగ్ గమ్ ఇచ్చిందా పిల్ల.

బడీచౌడిలో, గాజుల కొట్టుకూ జాకెట్ గుడ్డల దుకాణానికీ నడుమ
మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందు:
దస్తగిరి రికార్డింగ్ సెంటర్.
ఖాళీ క్యాసెట్ మనదైతే పన్నెండు రూపాయలు, ఆయనదైతే ముప్పై.
అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'టిన్ రూప్' అని రాసేవాడు.
దుబాయ్ నుంచి ఎవరో తెచ్చిన అసలు టేపు ఒక్కటే,
ఊరందరి నకళ్లూ దాని కడుపున పుట్టినవే.
అది ఒకనాడు మిషన్ నోట్లో నలిగి తెగింది.
నలిగిన ముక్క బ్లేడుతో కోసి,
గోరంత సెల్లోటేపుతో అతికి,
"నాలుగు సెకన్లే పోయింది బిడ్డా, ఎవరికి తెలుస్తది" అన్నాడు.

నిజమే, నాకు తెలియలేదు.
రెండో వైపు మూడో పాటలో
గిటారు ఊపిరి తీసుకోబోతుంది, తీసుకోదు,
మెట్టు తప్పిన కాలులా గొంతు ముందుకు దూకేస్తుంది.
పాటంటే అంతే అనుకున్నాను.
ఇంటర్ తప్పిన ఎండాకాలంలో,
హాస్టల్ దుప్పటి లోపల,
టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఎ ఎస్ డి ఎఫ్ కొడుతూ
ఆ దూకుడు ఒంట్లోకి ఎక్కించుకున్నాను.
తర్వాత్తర్వాత ఫోన్లో పాట మొత్తం దొరికింది.
ఎవరో మధ్యలో అడ్డొచ్చి నిలబడ్డట్టనిపించి ఆపేశాను.

ఎనిమిదిన్నరకు దీపాలు ఆరాయి.
డ్రమ్ము తొలి దెబ్బ చెవికి కాదు, చున్నీ పిన్నుకు తగిలింది.
అసలు నలుగురిలో ఇద్దరే మిగిలారు.
పాడేవాడికి జుట్టు పోయింది, పొట్ట వచ్చింది,
ఎత్తు స్వరం దగ్గరికి రాగానే మైకు మావైపు తిప్పేస్తాడు,
తెలివైనవాడు, ఇంకా నచ్చాడు.

ఆ పాట వచ్చింది.
గిటారు ఊపిరి తీసుకోబోయింది.
ఇరవై వేల మంది ఆగారు.
నా నోరు ఆగలేదు.
అంత నిశ్శబ్దం నడిబొడ్డున నా గొంతొక్కటే,
పెళ్లికి ముందురోజే వచ్చి తలుపు తట్టిన చుట్టంలా.
చూయింగ్ గమ్ పిల్ల తిరిగి చూసింది.
సగం మాట మింగేశాను.

మిగతా సగం
సౌండ్ టవర్ అవతల చీకట్లో ఎవరో పాడుతున్నారు.
మగ గొంతు, బొంగురుది.
అదే తప్పు, అదే చోట.
ఇంకా వెనక, మెట్ల మీదినుంచి మరొకటి, సన్నగా.

ఆ పైన అసలు పాట వచ్చి మమ్మల్ని ముంచేసింది.

మునివేళ్ల మీద లేచి వెతికాను.
ఎత్తిన చేతులు, ఫోన్ల వెలుతురు,
ఎవరి భుజాల మీదో ఎవరి పిల్లో.
ఎలా గుర్తుపడతాను?
ఒకే సందులో, వేరువేరు సాయంత్రాలు
పక్కకు తిరిగి నిలబడిన వాళ్లం.

రాయదుర్గం దాకా షేర్ ఆటో. చెప్పుల్లో బురద.
చెవుల్లో ఒక కీచురాయి కాపురం పెట్టింది.

పొద్దున ఆఫీసులో, స్టాంపు కాగితాలు పట్టుకొచ్చిన పెద్దమనిషి
నా చేతి పట్టీ చూసి ఏదో అడిగాడు.
వినబడలేదు. మళ్లీ అడిగాడు,
"దవాఖానలో ఉన్నరా మేడం?"
తూర్పు హద్దు ఒకసారి సరిచూసుకోండి అన్నాను.